బ్లూ-బ్లాక్ సిరా

మొన్నటి ఎన్నికల్లో మా పోలింగ్ బూత్ నేను ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన బడిలోనే పడింది. అందులోనూ హెడ్మాస్టరు గదిలో. లైన్లో నిలబడి ఒక్కొక్క అడుగే ముందుకు జరుగుతూ గడప దాటాను. లోపల ఒక కుర్రాడు నా ఎడమ చూపుడు వేలు పట్టుకుని సిరా గీత గీశాడు. ఆ సిరాకి స్పిరిట్ లాంటి ఘాటు ఉంటుంది కదా. దాని వెనకాలే గదిలోంచి తడి సున్నం వాసన, పాత కాగితాల వాసన, ఫినాయిల్ వాసన ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఓటు ఎవరికి వేద్దామనుకుని వెళ్ళానో అరక్షణం మరిచిపోయాను.

ఓటింగ్ యంత్రం పెట్టిన బల్ల ఒకప్పటి మా హెడ్మిస్ట్రెస్ మేడంది. కుడివైపు సొరుగుకి పిడి ఊడిపోతే మా అటెండరు చాచా సుతిలి తాడు కట్టాడు. ఇప్పుడు తాడు లేదు, ఆ రెండు బెజ్జాలు ఉన్నాయి.

బయటికొచ్చి వేపచెట్టు కింద కాసేపు కూర్చున్నాను. గంట కొట్టే రైలు పట్టా ముక్క ఇంకా కొమ్మకి వేలాడుతూనే ఉంది. పక్కన కరెంటు బెల్లు కూడా బిగించారు. బూత్‌లో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది టీచర్లే అనిపించింది, మనిషిని చూస్తేనే తెలిసిపోతుంది. 2009 విద్యాహక్కు చట్టం టీచర్లను చదువుకి సంబంధం లేని పనులకి పంపొద్దంటూనే జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు మినహాయించింది. అందుకని మా వాళ్ళకి ఈ పని తప్పదు.

మేడం పోయి ఇప్పటికి కొన్నేళ్ళవుతోంది. 2021 వేసవిలో, ఎవరూ ఎవరి ఇంటికీ వెళ్ళలేని రోజుల్లో పోయారు. వాట్సాప్‌లో వార్త చూసి, ఫోను బోర్లా పెట్టి కూర్చున్నాను. అప్పుడు రాయలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

*

మా బడి హుస్సేన్ సాగర్ మిగులు నీళ్ళు మూసీలోకి పోయే నాలా పక్కన ఉండేది. తెలుగు మీడియం, ఉర్దూ మీడియం రెండూ ఒకే ఆవరణలో. 1990 డిసెంబరు అల్లర్లు, కర్ఫ్యూ అన్నీ అయిపోయి ఊరు ఇంకా సరిగా ఊపిరి తీసుకోని రోజుల్లో ఆమె మాకు హెడ్మిస్ట్రెస్‌గా వచ్చారు. కోఠీ విమెన్స్ కాలేజీలో చదివిన మనిషి. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, ఫైల్లో ఇంగ్లీషు. నూలు చీర, నల్ల తోలు సంచి, మడమ అరిగిన చెప్పులు.

వచ్చిన మొదటి రోజు స్టాఫ్ మీటింగ్ పెడతారని మేమంతా కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాం. ఆమె రాలేదు. చూస్తే బడి వెనకాల నిచ్చెన మీద, నీళ్ళ ట్యాంకు మూత తీసి లోపలికి తొంగి చూస్తున్నారు. కింద చాచా నిచ్చెన పట్టుకుని పరేషాన్‌గా నిలబడ్డాడు.

ఆ తర్వాత తెలిసింది, అదే ఆమె దినచర్య అని. బెల్లుకి అరగంట ముందు వచ్చేవారు. ముందు ట్యాంకు. మా దగ్గర నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. ఏ రోజు ఎంత నీళ్ళున్నాయో చూసుకోకపోతే పన్నెండింటికల్లా ఖాళీ. తర్వాత ఆడపిల్లల పాయిఖానాలు. ఆ తర్వాత తరగతి గదుల తాళాలు. అవన్నీ అయ్యాకే గదిలోకొచ్చి కుర్చీలో కూర్చునేవారు. మాలో ఒకాయన నవ్వేవాడు, "హెడ్మిస్ట్రెస్సా, మేస్త్రీయా?" అని. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

ఒకరోజు ఎనిమిది, తొమ్మిది తరగతుల హాజరు పట్టీలు తన బల్ల మీద పక్కపక్కన పరిచి నన్ను పిలిచారు.

"ఇటు జూడండి సార్. ఈ పిల్లలు నెలకి మూడు రోజులు, నాలుగు రోజులు వరసబెట్టి వస్తలేరు. మీకేమన్న అర్థమైతుందా?"

నాకేమీ అర్థం కాలేదు. "ఇళ్ళల్లో పని ఉంటుందేమో మేడం" అన్నాను. ఆమె నా మొహం వంక చూసి ఇంకేమీ అనలేదు. సాయంత్రం చాచాని సుల్తాన్ బజారు పంపి ఒక గొళ్ళెం, నాలుగు మరలు తెప్పించారు. ఆ పాయిఖానా తలుపుకి లోపలి గడియ లేదు. పదమూడేళ్ళ పిల్లలు ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడేవాళ్ళట. అన్నేళ్ళు అక్కడే పాఠం చెప్పినవాణ్ణి, నా కంట పడలేదు. గొళ్ళెం ఖర్చు బడి చిల్లర ఖర్చుల కంటింజెంట్ బిల్లులో రాశారు, పైసలతో సహా.

*

జూన్ అంటే నాకు టైంటేబుల్ గుర్తొస్తుంది. పది సెక్షన్లు, రోజుకి ఏడు పీరియడ్లు, వారానికి ఆరు రోజులు. అంటే నాలుగు వందల ఇరవై గళ్ళు. పాత జవాబు పత్రాల వెనక వైపు తెల్ల కాగితాన్ని చిన్న చీటీలుగా కత్తిరించి, ఒక్కో చీటీ మీద టీచరు పేరూ సబ్జెక్టూ రాసి, బల్ల మీద పరిచిన డ్రాయింగ్ షీటు మీద పేర్చేవారు. చీటీలు ఎగిరిపోతాయని ఫ్యాను ఆపేయాలి. హైదరాబాదు జూన్‌లో తలుపులు మూసి, ఫ్యాను ఆపి, నాలుగు గంటలు. చాచా బయట స్టూలు వేసుకుని కూర్చుని లోపలికెవరినీ రానిచ్చేవాడు కాదు. ఒకసారి ఒక తండ్రి టీసీ కోసం వచ్చి ధభీమని తలుపు తోశాడు. బుధవారమంతా ఎగిరి గదిలో పడింది. ఆమె గట్టిగా నవ్వారు. నేను ఏడుపు మొహం పెట్టాను. చెరో మూలా వంగి చీటీలు ఏరుకున్నాం.

అందరికీ మొదటి పీరియడ్ వద్దు, చివరి పీరియడ్ అసలే వద్దు. లెక్కల సారుకి వరసగా రెండు కావాలి, హిందీ టీచరుకి మధ్యలో విరామం కావాలి. ఉన్న ఒక్క డ్రిల్ సారు రెండు మీడియాలకీ సరిపోవాలి. ఆమె ముందు తన చీటీలు పెట్టేవారు. వారానికి ఎనిమిది పీరియడ్లు, అన్నీ మధ్యాహ్నం తర్వాత, ఎవరూ మాకొద్దన్న ఎనిమిదో తరగతి సి సెక్షన్‌కి. అవి పెట్టేశాకే మమ్మల్ని పిలిచి "ఇగ చెప్పండి" అనేవారు. ఆ షీటు చూశాక చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

భువనగిరి నుంచి రైల్లో వచ్చే ఒకాయన ఉండేవాడు. వారంలో మూడు రోజులు ఆలస్యం. మూడు ఆలస్యాలకి ఒక క్యాజువల్ లీవు కోసేయడం రూల్. ఏడాదికి ఉండేవే పదిహేను సీఎల్సు, ఏడు స్పెషల్ సీఎల్సు. ముందున్న హెడ్మాస్టరు ఎర్ర సిరాతో గీతలు కొట్టి దసరా లోపలే ఆయన ఖాతా ఖాళీ చేశాడు. మేడం మొదటి పీరియడ్ తీసి రెండోది ఇచ్చారు. గొడవ అక్కడితో ఆగిపోయింది.

బడికి కూతవేటు దూరంలో ఇల్లుండీ ఆలస్యంగా వచ్చే ఇంకొకాయన ఉండేవాడు. ఆయన పీరియడ్ మార్చలేదు. బెల్లు కొట్టగానే మేడమే ఆయన క్లాసులోకెళ్ళి పాఠం మొదలుపెట్టేవారు. ఆయన గుమ్మంలోకి రాగానే చేతిలో చాక్‌పీసు ఇచ్చి, ఒక్క మాట అనకుండా బయటికొచ్చేవారు. నాలుగో రోజో అయిదో రోజో ఆయనే బెల్లు కంటే ముందొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. దీన్ని కొందరు అవమానించడం అంటారు. నాకూ అప్పుడు అలాగే అనిపించింది. ఇప్పటికీ ఆ విషయంలో ఆమెతో పూర్తిగా ఏకీభవించలేను. అంత మంది పిల్లలు చూస్తుండగా చాక్‌పీసు అందుకోవడం ఏ టీచరుకైనా కష్టమే.

*

మా బడికి గుమాస్తా పోస్టు ఖాళీగా ఉండేది. ఉన్న మాట, అది ఎప్పుడూ ఖాళీయే. కాస్త దస్తూరి బాగుంటుందని అడ్మిషన్ రిజిస్టరు నాకు అప్పజెప్పారు. మొదటి రోజే నా పెన్ను అడిగి తీసుకుని, ఒక గీత గీసి, వేలు తడి చేసి ఆ గీత మీద రుద్దారు. నీలం పాకిపోయింది.

"రాయల్ బ్లూ. ఇది ప్రేమలేఖలకు వాడుకోండి. రిజిస్టరుకు బ్లూ-బ్లాక్. బుడ్డి మీద పర్మనెంట్ అని ఉంటది, చూసి కొనండి."

ఒక బుడ్డి ఆమే తెచ్చి బీరువా పైఅరలో పెట్టారు. ఆమె సంతకం మాత్రం గెజిటెడ్ వాళ్ళ పచ్చసిరాలో.

పుట్టిన తేదీ గడి దగ్గర నేను చేసే పని అందరూ చేసేదే. "ఎన్నేళ్ళమ్మా?" అంటే "అయిదో ఆరో ఉంటయ్ సార్" అంటారు. బడిలో వేసే వయసుకి సరిపోయేలా లెక్కగట్టి ఏ జూన్ తారీఖో రాసేయడమే. మా తరంలో సగం దేశం జూన్‌లోనే పుట్టింది. మేడం ఒప్పుకోలేదు. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి అడిగేవారు.

"బోనాలు అయినంకనా, ముందరనా? బతుకమ్మకు చంకల పిల్ల ఉన్నదా, కడుపుల ఉన్నదా?"

పీర్ల పండగ అని ఎవరైనా చెబితే ఇంకో చిక్కు. అది ఏటికి పదీ పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ వస్తుంది కదా. అందుకని సొరుగులో పాత పంచాంగాలు, గోడ క్యాలెండర్లు ఒక కట్ట ఉండేవి. కట్ట విప్పి, ఆ ఏడు మొహర్రం ఏ నెలలో పడిందో వెతికి, వారం అటూ ఇటూగా ఒక తేదీ పట్టేవారు. ఒక్కో పిల్లకి అరగంట. బయట లైను పెరిగిపోతుంటే నాకు చిరాకొచ్చేది.

"ఎవరు చూస్తారు మేడం ఇదంతా?" అన్నాను ఒకసారి.

జవాబు చెప్పలేదు. నెల తిరక్కుండా ఒక ముసలాయన వచ్చాడు. ఏదో పింఛనుకి వయసు రుజువు కావాలి. నిజాం కాలంలో ఇదే బడిలో చదివాడట. చాచా అటక మీంచి తోలు అట్ట రిజిస్టరు దించి దుమ్ము దులిపాడు. మొత్తం ఉర్దూ, తేదీలన్నీ ఫస్లీ, అంటే నిజాం సర్కారు వాడిన క్యాలెండరు. చాచా వేలుపెట్టి చదువుతుంటే మేడం పక్కన కాగితం మీద లెక్క కట్టారు. ఇంగ్లీషు ఏడాది రావాలంటే ఫస్లీ సంవత్సరానికి 590 కలపాలి. ఏడాది అక్టోబరులో ఆజర్ నెలతో మొదలవుతుంది గనక, జనవరి నుంచి వచ్చే నెలలైతే 591. ఖుర్దాద్ అంటే ఏప్రిల్ ప్రాంతం. ఆయన పేరు, తండ్రి పేరు, మొహల్లా అన్నీ ఉన్నాయి. ఆ నల్ల సిరా నిన్న రాసినట్టుంది.

ముసలాయన ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. మేడం నా వైపు తిరిగి చూడను కూడా చూడలేదు. అయినా నాకు చెవులు వేడెక్కాయి.

ఇంత పట్టింపు ఉన్న మనిషి, కాగితమే లేకుండా వచ్చిన పిల్లల్ని మాత్రం చేర్చుకునేవారు. సైకిల్ షాపులో పంక్చర్లు వేసే కుర్రాడొకడు వచ్చాడు. టీసీ లేదు, ప్రాథమిక బడి ఇచ్చే రికార్డ్ షీట్ లేదు, ఏ ఊరి బడో సరిగా చెప్పలేడు. నేను కుదరదన్నాను. "పేరు రాయండి. కాగితం వెనక వస్తది. పిల్లగాడు వెనక రాడు" అన్నారు. ఆ రికార్డ్ షీట్ కోసం ఆమె ఎన్ని కార్డులు రాశారో, ఆర్నెల్లకి అది వచ్చింది. చాలా ఏళ్ళకి, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక, టీసీ ఆలస్యమైందని గానీ వయసు రుజువు లేదని గానీ పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదని మాకు శిక్షణలో చెప్పారు. చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. నాకు ఆ కుర్రాడి నల్లటి గోళ్ళు గుర్తొచ్చాయి.

*

మధ్యలో ఆమెను బదిలీ చేశారు. ఎందుకో చెప్పాలి. పదో తరగతి పరీక్షలు జరుగుతుండగా ఒక పెద్దమనిషి కూతురి పెళ్ళికి బడి మైదానంలో షామియానాలు వేయాలన్నారు. మాది పరీక్షా కేంద్రం. ఉదయాన్నే పోలీస్ స్టేషన్ నుంచి సీలు వేసిన ప్రశ్నపత్రాల కట్టలు వస్తాయి, ఆమె చీఫ్ సూపరింటెండెంట్. గేటు తాళం సంచిలో వేసుకుని "పరీక్షలయినంక రెండు రోజులు వాడుకోండి, చాపలు నేనే ఇస్త" అన్నారు. పెళ్ళి ఇంకెక్కడో జరిగింది. వేసవి సెలవుల్లో ఊరికి ఆ చివరన ఉన్న బడికి ఉత్తర్వు వచ్చింది.

చార్జి అప్పగించడానికి మూడు రోజులు పట్టింది. బెంచీలు ఎన్ని, అందులో కాలు విరిగినవి ఎన్ని, గ్లోబులు రెండు, ఒకటి పగిలింది, భారతదేశం మ్యాపులు నాలుగు, ఒకటి చిరిగింది. క్యాష్ బుక్ చివరి పేజీలో నిల్వ ఏడు రూపాయల నలభై పైసలు, అవి అగ్గిపెట్టెలో పోసి దారం చుట్టి ఇచ్చారు. కొత్తాయన విసుగ్గా "సంతకం పెట్టేస్తాను లెండి మేడం" అన్నా వదల్లేదు. పట్టుకుని గదులన్నీ తిప్పారు. ఆఖర్న నిచ్చెన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ఎక్కలేదు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ మా దగ్గరికే వచ్చారు. ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో రాయను. గొళ్ళెం మళ్ళీ ఊడిపోయింది, అంతే చెబుతాను.

*

2000 ఆగస్టు 24. హైదరాబాదులో ఉన్నవాళ్ళకి ఆ రోజు చెప్పక్కర్లేదు. ఒక్క రోజులో ఇరవై నాలుగు సెంటీమీటర్ల వాన. హుస్సేన్ సాగర్ నిండి, నాలా మా బడి గోడ దాటి లోపలికొచ్చింది. చాచా వాళ్ళ నానమ్మ 1908 మూసీ తుగ్యానీ, అంటే ఆ పెద్ద వరద కథలు చెప్పేదట, ఇన్నాళ్ళూ నమ్మలేదు, ఇప్పుడు నమ్ముతున్నానన్నాడు.

నీళ్ళు తీశాక వెళితే ఆఫీసు గదిలో మోకాలి ఎత్తున గోడ మీద గీత. బీరువా కింది అరలు రెండూ మునిగిపోయాయి. పై అరలో ఉండాల్సిన అడ్మిషన్ రిజిస్టరు కింది అరలో ఉంది. అక్కడ పెట్టింది నేనే. ఆ జూన్‌లో అడ్మిషన్ల తాకిడిలో మాటిమాటికీ చెయ్యెత్తడం బద్ధకమై కింద పెట్టేశాను.

మేడం బురదలో చెప్పులు విడిచి లోపలికొచ్చారు. రిజిస్టరుని రెండు చేతులతో, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి బల్ల మీద పెట్టారు. తెరవనివ్వలేదు. తడిగా ఉన్నప్పుడు తెరిస్తే పేజీలు చినుగుతాయి. ఎండలో పెట్టనివ్వలేదు, అట్టలు వంకరపోతాయి, కాగితం పెళుసైపోతుంది. కరెంటు లేదు, ఫ్యాను లేదు. మిద్దె మీది తరగతి గదిలో తాళ్ళు కట్టించారు. ఇళ్ళల్లోంచి పాత పేపర్లు తెమ్మని పిల్లలకి చెబితే గుట్టలుగా వచ్చాయి. రెండు పేజీల మధ్య ఒక పేపరు, అది తడిసిపోతే తీసి ఇంకోటి. వేలితో కాదు, స్కేలు అంచుతో మెల్లగా లేపాలి. పక్కన కూర్చుని నాకూ తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురికీ చూపించారు. రోజంతా చేస్తే ముప్పై పేజీలు తెగేవి. గదంతా తడి కాగితం వాసన. మొన్న బూత్‌లో నా ముక్కుకి తగిలింది అదే.

బురద మరకలు పడ్డాయి, పేజీలు అలలు అలలుగా అయ్యాయి, కానీ అక్షరం చెదరలేదు. బ్లూ-బ్లాక్ నిలబడింది.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పేజీ లేపాను. మొత్తం నీలం మేఘం. పక్క పేజీ కూడా. దాని తర్వాతది కూడా. పేర్లు లేవు, తేదీలు లేవు, గళ్ళ గీతలు మాత్రం ఉన్నాయి.

జూన్‌లో రెండు రోజులు మేడం సెలవులో ఉన్నారు. బుడ్డి ఖాళీ అయింది. లైను పెద్దగా ఉంది. నా జేబులో పెన్ను ఉంది.

ఆమె ఆ పేజీలు చూశారు. నన్ను చూశారు. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఎందరు పిల్లలు?"

"నలభై ఒకరు మేడం."

"రేపటి సంది మీ ఆఖరి రెండు పీరియడ్లు నేను తీసుకుంట. మీరు ఇండ్లకు పోండి."

*

నలభై ఒక్క ఇళ్ళు. హాజరు పట్టీలో పేర్లున్నాయి, మిగతావన్నీ మళ్ళీ అడిగి తెచ్చుకోవాలి. కొందరి రికార్డ్ షీట్లు వాళ్ళ ప్రాథమిక పాఠశాలల్లో కౌంటర్‌ఫాయిల్ చూసి రాసుకున్నాను. మిగతావాళ్ళకి తల్లే దిక్కు.

మొదటి ఇల్లు నాలా ఒడ్డున రేకుల గది. గోడకి నీళ్ళ గీత నా నడుం దాకా ఉంది. బడిలో మోకాలి దాకా వస్తేనే మేం నెలరోజులు చెప్పుకున్నాం. తడిసిన బొంతలు తాడు మీద, చిన్నపిల్లాడు మంచం మీద దగ్గుతున్నాడు. నాకు లోపల మంట, ఇంత చదువుకుని ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చిందని. గుమ్మంలోనే నిలబడి నాలుగు ప్రశ్నలడిగి రాసుకుని వచ్చేశాను.

మర్నాడు ఆ కాగితం చూసి మేడం అడిగారు. "ఇది ఏ పండగ లెక్కన వచ్చింది?"

"ఆమె మార్చి అంది మేడం."

"ఆమె మార్చి అన్నదా, మీరు మార్చియా అంటే అవునన్నదా?"

నేను మాట్లాడలేదు.

"కూసున్నరా?"

"లేదు మేడం."

"మళ్ళ పోండి. కూసోండి. ఏమన్న ఇస్తే వద్దనకండి."

మళ్ళీ వెళ్ళాను. ఆమె కూలికి పోయింది, పిల్ల ఒక్కతే ఉంది. మూడోసారి దొరికింది. కాముని పున్నం అయిన నాలుగో రోజు పుట్టిందట. పాత పంచాంగం తీస్తే మేం వెతికిన ఏడు హోలీ మార్చిలోనే వచ్చింది. నెల తప్పలేదు కానీ తారీఖు దొరికింది. పక్కన పెన్సిలుతో చిన్నగా "తల్లి చెప్పగా" అని రాశాను. మిగతా నలభై ఇళ్ళలో కూర్చున్నాను. చాలా చోట్ల చాయ్ తాగాను. ఒక ఇంట్లో గుడాలు పెట్టారు. ఏ పిల్ల ఎందుకు నిద్రపోతుందో, ఏ పిల్లాడు హోంవర్కు ఎందుకు చేయడో ఆ మూడు వారాల్లో తెలిసినంత బీఈడీలో తెలియలేదు.

కొత్త పేజీలు నాతోనే రాయించారు. కొత్త బుడ్డి, బ్లూ-బ్లాక్. ప్రతి పేజీ కింద పచ్చసిరాతో ఆమె సంతకం, పాత పేజీ ఎలా పాడైందో ఒక వాక్యం. అందులో నా పేరు లేదు. "వరద నీటి వల్ల" అని మాత్రమే ఉంది.

తర్వాతి ఏడు పరీక్షలయ్యాక ఆమె రిటైరయ్యారు. సన్మానం నాడు శాలువా కప్పించుకుని, మైకు దగ్గర రెండే నిమిషాలు మాట్లాడి, కుర్చీలు సర్దే పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు.

*

నేనూ తర్వాత హెడ్మాస్టరునయ్యాను, వేరే బడిలో. 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. బియ్యం బస్తాలు, కట్టెల పొయ్యి, ఆడవాళ్ళ పొదుపు సంఘం వాళ్ళతో రోజూ ఉప్పు పప్పు లెక్కలు. ఒకసారి పప్పు అడుగంటింది, రుచి చూడాల్సిన నేను మీటింగులో ఉన్నాను. పిల్లలు తినకుండా పారబోశారు. ఆ కోపం అంతా వంటామె మీద, నలుగురి ముందూ చూపించాను. మర్నాటి నుంచి ఆమె రాలేదు.

ఆదివారం చిక్కడపల్లిలో మేడం వాళ్ళింటికెళ్ళి చెప్పుకున్నాను. పెసరట్టు పెట్టి అంతా విన్నారు. ఆఖర్న అడిగింది ఒకటే: "ఆమె పొయ్యి మీద రేకు ఉన్నదా, ఎండల వండుతున్నదా?" నేను పెసరట్టు తింటూ ఊరుకున్నాను. సోమవారం రేకు వేయించి, ఆమె ఇంటికెళ్ళి పిలుచుకొచ్చాను. మంచి హెడ్మాస్టరునని ఎవరైనా అంటే నాకు ఆ రేకే గుర్తొస్తుంది. ఎప్పుడూ ఎవరో చెబితే తప్ప చూడని కళ్ళు నావి.

*

పోలింగ్ అయిన నాలుగు రోజులకి మళ్ళీ బడికి వెళ్ళాను. ఊరికే. ఇప్పటి హెడ్మిస్ట్రెస్ వయసులో చిన్నావిడ, "కూర్చోండి సార్" అని చాయ్ చెప్పింది. గదిలో ఒక స్త్రీ ఉంది. ముప్పై అయిదు లోపు. ఏదో ఉద్యోగానికి స్టడీ సర్టిఫికెట్ కావాలట. 2000లో ఆరో తరగతిలో చేరిందట.

బీరువా పై అరలోంచి రిజిస్టరు దించారు. అలలు అలలుగా ఉన్న పేజీలు. పై అరలోనే ఉంది, సంతోషం. హెడ్మిస్ట్రెస్ వేలు ఒక వరస దగ్గర ఆగింది.

"దస్తూరి బాగుంది. ఈ పక్కన పెన్సిలు రాత ఏంటి సార్, మీకేమైనా తెలుసా? తల్లి చెప్పగా అని ఉంది."

"అది నా రాతే" అన్నాను.

ప్రింటర్ కుయ్ కుయ్‌మంటూ సర్టిఫికెట్ బయటికి తోసింది. ఈవిడ సంతకానికి జెల్ పెన్ను తీసింది. నా జేబులో పెన్ను తీసి ముందు పెట్టాను. ఒకసారి నా వంక చూసి, దాంతోనే సంతకం చేసి, స్టాంపు కొట్టి ఇచ్చింది.

ఆ అమ్మాయి కాగితం అందుకుని, మీద మీద ఊది, తేదీ దగ్గర కళ్ళు పెట్టి చదువుకుంది. తర్వాత నన్ను చూసింది.

"మీరు మా ఇంటికొచ్చిన్రు సార్, వాన పడ్డప్పుడు. మా అమ్మ చాయ్ పెడుతుండె. మీరు తాగలే. వాకిట్లనే నిలబడి రాసుకున్నరు."